స్టీల్ కేసు తూటాలు రివాల్వర్‌కి పనికొస్తాయా: ఇరుక్కుపోయిన ఆరు ఖాళీల కేసు

పొద్దున్న ఐదున్నరకి ఫోన్ మోగింది. అమెరికాలో, డల్లాస్ దగ్గర ఉండే మేనల్లుడు. అక్కడ ముందు రోజు సాయంత్రం ఏడు గంటలు. వీడియో కాల్‌లో వాడి ముఖం కన్నా ముందు చేతిలో రివాల్వర్ కనిపించింది. సిలిండర్ పక్కకి తెరిచి ఉంది. అందులో ఆరు ఖాళీ కేసులు, అంటే తూటా పేలాక మిగిలే లోహపు డొప్పలు, కదలకుండా కూర్చున్నాయి.

"మావయ్యా, ఫైరింగ్ రేంజ్‌లో ఉన్నాను. పేల్చాను గానీ ఖాళీలు బయటికి రావట్లేదు. రాడ్ నొక్కితే కదలట్లేదు. పక్కాయన చెక్క సుత్తి ఇస్తే దాంతో రెండు కొట్టాను, అయినా రాలేదు."

నేను అడిగిన మొదటి మాట ఒక్కటే. "ఆరూ పేలాయా? ఆరు ప్రైమర్ల మీదా గుంట చూశావా? పేలిన చప్పుళ్లు ఆరూ లెక్కపెట్టావా?" లెక్కపెట్టానన్నాడు. ప్రైమర్ అంటే తూటా అడుగున, దెబ్బ తగలగానే నిప్పు పుట్టించే చిన్న బిళ్ల. దాని మీద గుంట ఉన్నంత మాత్రాన తూటా పేలినట్టు కాదు. అందుకే ముందువైపు నుంచి లైటు వేయించి, ఆరు కేసులూ లోపల బోలుగా ఉన్నాయని వాడి చేత చూపించుకున్నాకే మిగతా మాట మాట్లాడాను. ముందుకి దూసుకెళ్లే బుల్లెట్ ఇంకా ఉన్న తూటా ఇరుక్కుంటే దాని మీద సుత్తి పడకూడదు. అలాంటప్పుడు తుపాకీ రేంజ్ వాళ్ల చేతికి వెళ్లాలి.

నేను పోలీసు శాఖలో తుపాకులు బాగుచేసే ఆర్మరర్‌గా చేసి రిటైరయ్యాను. ఎక్కువ కాలం ఆయుధాలు దాచే గది, బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లోనే గడిచింది. ఇప్పుడు రాజమండ్రిలో లైసెన్సు ఉన్న ఒక రిపేరు షాపులో రోజూ కొన్ని గంటలు కూర్చుంటాను. మన దగ్గర మామూలు లైసెన్సు మీద దొరికే రివాల్వర్ ఎక్కువగా .32 సైజుది. దాని తూటా ఇత్తడిదే. స్టీల్ కేసు తూటా మన కౌంటర్ మీదకి రాదు. కానీ గోదావరి జిల్లాల్లో అమెరికాకి పిల్లల్ని పంపని ఊరు లేదు. వాళ్లలో కొందరు అక్కడ తుపాకీ కొంటున్నారు. సందేహం వస్తే ఇక్కడి పెద్దవాళ్లని అడుగుతున్నారు. అందుకే ఈ వ్యవహారం పూర్తిగా రాస్తున్నాను.

ఇరుక్కున్న ఆరూ తీయడం

సుత్తి పక్కన పెట్టించాను. రివాల్వర్‌లో రాడ్ నొక్కితే ఖాళీల్ని బయటికి తోసే ఎజెక్టర్ నక్షత్రం ఆకారంలో ఉంటుంది. అది ఆరు కేసుల అంచుల్నీ ఒకేసారి పట్టుకుని పైకి లేపుతుంది. అంటే మన చేతికి తగిలేది ఒక కేసు రాపిడి కాదు, ఆరింటిదీ కలిపి. ఒక్కటి మొండికేస్తే మిగతా ఐదూ ఆగిపోతాయి. కాబట్టి బలం పెంచడం కాదు, పని విడగొట్టాలి. సిలిండర్ ముందువైపు రంధ్రంలోంచి సన్నటి చెక్క కర్ర దూర్చి, ఒక్కో ఖాళీని లోపలి నుంచి వెనక్కి తట్టమన్నాను. రేంజ్ ఉద్యోగి దగ్గరుండి చేయించాడు. ఐదు కేసులు చిన్న తట్టుకే జారాయి. ఒకటి మాత్రం గట్టిగా తడితేనే వచ్చింది. ఆ కేసు ఏ చాంబర్‌దో, అంటే సిలిండర్‌లో తూటా కూర్చునే ఏ రంధ్రానిదో, మార్కర్‌తో గుర్తు పెట్టమన్నాను. వరసలో నాలుగోది. ఈ వ్యవహారం మొత్తంలో నాకు చాలా ఉపయోగపడింది ఆ గుర్తే.

తరువాత ఖాళీ సిలిండర్ తిప్పించి, ఎజెక్టర్ రాడ్ కొసని కెమెరా ముందు పెట్టించాను. కొస చిన్నగా వృత్తం గీస్తూ తిరుగుతోంది. సుత్తి దెబ్బకి రాడ్ వంగింది. తూటాల మీద ఆదా చేసిన డబ్బు అక్కడే పోయింది. ఆ రోజుకి ఇక పేల్చొద్దన్నాను.

ఏం పేల్చాడు, ఏ వరసలో

ఫోన్ పెట్టేసే ముందు ఆ రోజు పేల్చిన వరస కాగితం మీద రాసి పంపమన్నాను. తుపాకీ .357 మ్యాగ్నమ్, ఆరు గుండ్లది, సెకండ్ హ్యాండ్. దాంట్లో .38 స్పెషల్ తూటాలు కూడా పేలుతాయి. రెండింటి వ్యాసం ఒకటే, పొడవు తేడా. వాడు ముందు .38 స్పెషల్ స్టీల్ కేసులు యాభై పేల్చాడు. చివర్లో ఖాళీలు కాస్త బిగుతుగా వచ్చాయట, పట్టించుకోలేదు. ఆ వెంటనే తుడవకుండా .357 స్టీల్ కేసులు ఆరు ఎక్కించాడు. "ఎక్కించేటప్పుడు వేలితో గట్టిగా నొక్కాల్సి వచ్చింది మావయ్యా" అని చివర్న రాశాడు. నాకు సగం జవాబు ఆ వాక్యంలోనే దొరికింది.

తూటాలు ఎవరి దగ్గరో పాత స్టాకు చవగ్గా వస్తే కొన్నవి. చవక స్టీల్ కేసు తూటాలు అమెరికాకి ఎక్కువగా రష్యా నుంచి వచ్చేవి. 2021 సెప్టెంబరు 7 నుంచి అమెరికా వాటికి కొత్త దిగుమతి పర్మిట్లు ఆపింది. అందుకని ఇప్పుడు పాత పెట్టెలు చేతులు మారుతున్నాయి.

ఇక్కడొక మాట. "రెండు ఖాళీలు తెస్తాను, నువ్వే చూద్దువు" అన్నాడు. వద్దంటే వద్దన్నాను. మన ఎయిర్‌పోర్టులో బ్యాగులో ఒక్క తూటా దొరికినా ఆర్మ్స్ యాక్ట్ కింద కేసు. ఖాళీ అని చెప్పుకుంటూ అక్కడ నిలబడాల్సిన అవసరం ఎవరికీ రాకూడదు. అమెరికా నుంచి వచ్చే ముందు రేంజ్‌కి తీసుకెళ్లిన బ్యాగు జేబులు దులిపి చూసుకోండి. దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

ఫొటోల్లో కనిపించింది

ఆరు ఖాళీలూ తెల్ల గుడ్డ మీద వరసగా పెట్టి దగ్గరగా ఫొటోలు తీయించాను. ప్రైమర్లు చదునుగా నలగలేదు. వాటి చుట్టూ మసి కారలేదు. అంటే లోపల ప్రెషర్ హద్దు దాటినట్టు గుర్తులేవీ లేవు. కానీ ప్రతి కేసుకీ ఒక పక్కన నల్లటి చార ఉంది. నోటి దగ్గర మొదలై, పొగ గొట్టంలో మసిలా, సగం పొడవు దాకా పాకింది.

ఆ చార ఎందుకొస్తుందో చెప్పాలంటే మన ఊరి బోరింగ్ పంపు చాలు. పంపు లోపల తోలు వాషరు నీళ్లలో ఉబ్బి గొట్టానికి అతుక్కుంటేనే నీరు పైకి వస్తుంది. వాషరు ఎండి గట్టిపడితే నీరు పక్కల నుంచి కిందకి జారిపోతుంది. తూటా కేసు చేసే పనీ అదే. మందు అంటుకోగానే కేసు ఉబ్బి చాంబర్ గోడకి అతుక్కుని గ్యాసుని వెనక్కి రానివ్వకూడదు. ఇత్తడి మెత్తన, త్వరగా అతుక్కుంటుంది. స్టీలు బిరుసు, అంత త్వరగా అతుక్కోదు. ఆ సందులోంచి మసి వెనక్కి పాకుతుంది. .38 స్పెషల్ లాంటి తక్కువ ప్రెషర్ తూటాల్లో ఇది ఇంకా ఎక్కువ. అప్పుడప్పుడు ఇత్తడి కేసు మీద కూడా సన్న చార కనిపిస్తుంది.

ఇది మొదటి సగం. రెండో సగం తిరిగి సన్నబడటం. వెదురు బద్దని వంచి వదిలితే వెనక్కి వస్తుంది. ఇనప తీగని అంతే వంచి వదిలితే చాలా వరకు వంగే ఉంటుంది. తూటా ఇత్తడిలో రాగి డెబ్బై పాళ్లు, జింకు ముప్పై పాళ్లు. కేసుగా లాగి సాగదీసేటప్పుడు అది గట్టిపడుతుంది. అందుకే ప్రెషర్ తగ్గగానే చాంబర్ గోడని వదిలి కొంచెం వెనక్కి తగ్గుతుంది. స్టీలు బిరుసుతనం ఇత్తడికి దాదాపు రెట్టింపు. పైగా కేసులకి వాడేది స్టీళ్లలో మెత్తటి రకం. ఉబ్బింది ఉబ్బినట్టే నిలిచే పాలు ఎక్కువ, వెనక్కి తగ్గే పాలు తక్కువ. కంటికి కనిపించే తేడా కాదు. బొటనవేలికి తెలిసే తేడా.

లక్క కరిగి అంటుకుంటుందని చాలామంది చెబుతారు. తుప్పు పట్టకుండా పాత స్టీల్ కేసులకి లక్క పూత వేసేవాళ్లు, తరువాత పాలిమర్ పూత వచ్చింది. ఆ పూత కరిగి చాంబర్‌లో జిగురవుతుందన్న మాట నాకు నమ్మకం కలిగించలేదు. వాడి సిలిండర్‌లోంచి గుడ్డకి అంటింది గట్టి నల్లటి మసే, జిగురు కాదు.

"మరి ఏకే తుపాకులు స్టీల్ కేసులతోనే కదా మావయ్యా ఆడతాయి, వాటికి లేని బాధ దీనికేంటి?" అని అడిగాడు. మంచి ప్రశ్న. ఏకే తూటాని చేతిలోకి తీసుకుంటే తెలుస్తుంది, అడుగు లావు, ముందుకి వెళ్లేకొద్దీ సన్నం, బిరడాలాగా. బిరడా వెంట్రుకవాసి కదిలితే చాలు, గోడ వదిలేస్తుంది. రివాల్వర్ తూటా పొడవునా ఒకే లావు. బయటికి వచ్చేదాకా గోడని రాసుకుంటూనే రావాలి. పైగా ఏకేలో ఒక్కొక్క ఖాళీని గ్యాసు బలంతో బోల్టు లాగుతుంది. ఇక్కడ ఆరింటినీ మనిషి అరచెయ్యి తోయాలి. స్టీలు తూటా మంచిదా చెడ్డదా అని ఊరికే అడిగితే జవాబు ఉండదు. ఏ తుపాకీలో అన్నది చేరిస్తేనే ప్రశ్న పూర్తవుతుంది.

అసలు దొంగ

.38 స్పెషల్ కేసు పొడవు 29.3 మిల్లీమీటర్లు. .357 కేసు 32.8. చాంబర్‌ని పొడవు దానికోసం తొలుస్తారు. అందులో పొట్టి తూటా పేలిస్తే దాని నోటి ముందు మూడున్నర మిల్లీమీటర్ల చాంబర్ గోడ ఖాళీగా ఉంటుంది. మసి, సీసం, కాలని మందు అక్కడ ఉంగరంలా పేరుకుంటాయి. ఆ తర్వాత పొడుగు తూటా ఎక్కిస్తే దాని నోరు సరిగ్గా ఆ ఉంగరంలోకి దూరాలి. అందుకే వేలితో గట్టిగా నొక్కాల్సి వచ్చింది. అలా బలవంతాన ఎక్కించడమే తప్పు. కేసు నోరు విచ్చుకుని బుల్లెట్‌ని వదలడానికి చోటు తగ్గితే ప్రెషర్ కూడా పెరగొచ్చు. .38 స్పెషల్‌కి అనుమతించిన గరిష్ట ప్రెషర్ 17,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), .357కి 35,000. రెట్టింపు బలంతో ఉబ్బిన కేసు, తక్కువగా వెనక్కి తగ్గే స్టీలు, నోటి దగ్గర మసి ఉంగరం. ఈ మూడూ కలిశాక సుత్తికి మాత్రం ఏం కదులుతుంది?

ఉంగరం ఉందని రుజువు చేసుకోవాలిగా. ఇంట్లో నిజమైన తూటాతో ఏ పరీక్షా చేయొద్దని గట్టిగా చెప్పాను. మందు లేని .357 డమ్మీ తూటాలు కొనుక్కున్నాడు. తూటాలన్నీ వేరే గదిలో పెట్టి తలుపేసి, డమ్మీలు ఒక్కో చాంబర్‌లో వదిలాడు. ఆరింటిలోనూ అంచు ఆనకుండా రెండు మూడు మిల్లీమీటర్లు పైనే ఆగిపోయాయి. వీడియోలో అది చూసినప్పుడు కలిగిన తృప్తి ఈ పని చేసేవాళ్లకే తెలుస్తుంది.

మసిని వదిలించే సాల్వెంట్ పోసి రాత్రంతా నాననిచ్చి, పొద్దున్న చాంబర్ కన్నా కొంచెం లావుగా ఉన్న కంచు బ్రష్‌తో తోమమన్నాను. స్టీల్ బ్రష్, ఎమరీ కాగితం ముట్టుకోవద్దన్నాను. మొండి చోట పాత ఇత్తడి .357 ఖాళీ నోటిని కొద్దిగా విప్పి గోకితే చాలు. చాంబర్ ఉక్కు కన్నా ఇత్తడి మెత్తన, దానితో గీతలు పడవు. రెండు పూటలు పట్టింది. తర్వాత డమ్మీ టక్కున కిందకి దిగింది. ఎజెక్టర్ నక్షత్రం కింద కూడా కాలని మందు పలుకులు దొరికాయి. అక్కడ నాలుగు పలుకులు చేరినా నక్షత్రం ఎత్తుగా నిలిచి సిలిండర్ బిగుస్తుంది. ఖాళీలు దులిపేటప్పుడు గొట్టం ఆకాశం వైపు ఉండాలి, అరచేత్తో ఒక్క దెబ్బకి రాడ్ చివరిదాకా వెళ్లాలి. వీడు గొట్టం నేలకి పెట్టి, బొటనవేలితో మెల్లగా నెట్టే అలవాటు చేసుకున్నాడు. చెత్తంతా అక్కడికే చేరింది.

రెండో రోజు పరీక్ష

అక్కడి గన్‌స్మిత్ రాడ్ సరిచేసి ఇచ్చాక మళ్లీ రేంజ్‌కి పంపాను. ఈసారి వరస నేను చెప్పాను. పొడుగు తూటాలు ముందు, పొట్టివి తర్వాత. చాంబర్లకి ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు. ప్రతి ఆరింటికీ ఖాళీలు ఎలా వచ్చాయో మూడు మాటల్లో ఒకటి రాయాలి: వేలు (వేలితో నెడితే వచ్చాయి), అరచెయ్యి (అరచేత్తో తోయాల్సి వచ్చింది), ఇరుకు (రాలేదు).

.357 ఇత్తడి, రెండు సిలిండర్లు (అంటే ఆరేసి తూటాలు రెండుసార్లు): వేలు, వేలు. .357 స్టీలు, రెండు సిలిండర్లు: అరచెయ్యి, అరచెయ్యి. రెండుసార్లూ ఐదు జారి నాలుగో నంబరు వెనకబడింది. .38 స్టీలు, నాలుగు సిలిండర్లు: మొదటి రెండూ వేలికే, తర్వాత రెండూ అరచేతికి. శుభ్రమైన చాంబర్‌లోనే ఇత్తడికీ స్టీలుకీ ఈ తేడా కనిపించింది కాబట్టి, మసి ఉంగరం పెద్ద దొంగే అయినా స్టీలు నిర్దోషి కాదు.

నాలుగో చాంబర్ సంగతి గన్‌స్మిత్ భూతద్దంతో చూసి చెప్పాడు. లోపల, తయారీలో రంధ్రం తొలిచే పనిముట్టు (రీమర్) వదిలిన గీతలు గుండ్రంగా ఉన్నాయి. ఇత్తడి కేసు ఆ గీతల మీద నుంచి జారిపోతోంది. స్టీలు ఉబ్బి వాటిలో కరుచుకుంటోంది. పాత యజమాని ఇత్తడి మాత్రమే వాడి ఉంటే ఆ గీతలు ఉన్నట్టే తెలిసి ఉండదు. తేలిగ్గా పాలిష్ చేయించాం. పాలిష్ అంటే గీతల మొనలు పోగొట్టడం వరకే. చాంబర్ వెడల్పయితే ఇక ఏ తూటా సరిగ్గా కూర్చోదు. అందుకే ఈ పని డ్రిల్ మెషిన్‌తో ఇంట్లో చేసేది కాదు.

ఇంకో విషయం. మొదటి రోజు .38 స్టీలు తూటాల్లో రెండు మొదటి దెబ్బకి పేలలేదని వాడు ఆలస్యంగా చెప్పాడు. గుంటలు ఫొటోలో పక్కపక్కన పెట్టి చూస్తే పేలనివాటి గుంట లోతు తక్కువ. ఈ రకం తూటాల్లో ప్రైమర్లు గట్టివి ఎక్కువ. పాత యజమాని ట్రిగ్గర్ మెత్తగా ఉండాలని పిడి లోపలి స్ప్రింగ్ స్క్రూ వదులు చేశాడు. స్క్రూ బిగించాక రెండో రోజు ఒక్కటీ తప్పలేదు. నన్ను భయపెట్టింది మాత్రం తూటా పేలకపోవడం కాదు. పేలకపోగానే వాడు వెంటనే మళ్లీ ట్రిగ్గర్ లాగాడు. పేలని తూటా ఆలస్యంగా అంటుకునే అవకాశం ఉంటుంది. పిస్టల్‌లో అయితే ఆ తూటా గొట్టం ఎదురుగానే ఉంటుంది. రివాల్వర్‌లో ట్రిగ్గర్ లాగితే సిలిండర్ తిరిగి ఆ తూటా పక్కకి జరుగుతుంది. అక్కడ అంటుకుంటే బుల్లెట్ వెళ్లడానికి దారి ఉండదు. గొట్టం లక్ష్యం వైపే పెట్టి కనీసం ముప్పై సెకన్లు ఆగాలి, ఆ తర్వాతే సిలిండర్ తెరవాలి. పోలీసు ఫైరింగ్‌లో ఇది కుర్రవాళ్ల చేత వల్లె వేయించేవాళ్లం. మేనల్లుడికి నేను ముందే చెప్పి ఉండాల్సింది.

ఇక్కడి రివాల్వర్

అదే వారం ఆకివీడు వైపు నుంచి ఒక చేపల చెరువుల రైతు తన .32 తెచ్చాడు. కాన్పూరు తయారీ. "ఖాళీలు బిగుసుకుంటున్నాయండి. అదేదో ఫారిన్ స్టీలు తూటా అంటండి, సగం రేటుకే వస్తదంట. మనకి తెప్పించరా అండి?" అన్నాడు.

తూటాలు చూపించమన్నాను. తోలు బెల్టు లూపుల్లోంచి తీశాడు. నడుముకి ఆకుపచ్చ పట్టీ కట్టినట్టు ప్రతి తూటా చుట్టూ చిలుము. పచ్చితోలుని పదును చేయడానికి వాడే పదార్థాలు తేమతో కలిస్తే ఇత్తడిని తింటాయి. బెల్టు రెండు వానాకాలాలు చెరువు గట్టు మీది షెడ్డులో మేకుకి వేలాడిందట. ఎన్నికలప్పుడు స్టేషన్లో డిపాజిట్ చేసి తిరిగి తెచ్చుకున్నాక కూడా మళ్లీ ఆ మేకుకే తగిలించాడు. చిలుముతో ఉన్న తూటాలు ఎక్కించీ దించీ చాంబర్లలో ఆకుపచ్చ పొర కట్టింది. బిగుతుకి కారణం అది.

దిగుమతి తూటా అతని లైసెన్సు మీద అలా తెప్పించే వస్తువు కాదని ముందు చెప్పాను. దొరికినా వద్దనేవాణ్నే. ఆ ఉప్పుగాలిలో కిటికీ ఊచలు ఏడాదికోసారి గోకి రంగు వేయాల్సిందే. పూత మీద చిన్న గీత పడ్డ స్టీలు కేసు అక్కడ ఎన్నాళ్లు ఉంటుంది? ఇత్తడికి చిలుము పైపైన పడుతుంది, ముందుగా రంగుతో హెచ్చరిస్తుంది. స్టీలుకి తుప్పు పూత కిందే తింటూ పోతుంది. చిలుము బాగా తిన్న తూటాలు పక్కకి తీయించి, వాటిని పేల్చకుండా డీలర్ ద్వారా అప్పగించమన్నాను. మిగతావి ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టించాను. తోలు బెల్టు బయటికి వెళ్లేటప్పుడు మాత్రమే.

మేనల్లుడికి ఇచ్చిన సలహా

.357లో స్టీల్ కేసు వద్దే వద్దన్నాను. ప్రెషర్ ఎక్కువైన చోట దాని లోపం దాగదు. .38 స్పెషల్ స్టీలు రేంజ్ ప్రాక్టీసుకి వాడుకోవచ్చు, రెండు మూడు సిలిండర్లకోసారి చాంబర్లలో బ్రష్ తిప్పుతూ. ఆ రోజు .357 పేల్చాలనుకుంటే ముందు అవే. చాలా చవక తూటాల్లో బుల్లెట్ తొడుగు కూడా స్టీలే, పైన రాగి పూత మాత్రమే. అయస్కాంతం పెడితే తెలుస్తుంది. చాలా రేంజ్‌లు వాటిని రానివ్వవు, ముందే అడిగి వెళ్లాలి. అల్యూమినియం కేసు దొరికితే స్టీలు కన్నా అది నయం. బాగా వెనక్కి తగ్గుతుంది, తేలిగ్గా జారుతుంది.

ఇంట్లో రక్షణ కోసం ఉంచే ఆరు మాత్రం మంచి ఇత్తడివే ఉండాలి. వాటిని ఆ తుపాకీలోనే ముందు కనీసం ఒక పెట్టె పేల్చి చూసుకోవాలి. ఆరు పేలాక మళ్లీ నింపాల్సిన పరిస్థితే వస్తే, అప్పుడు చీకట్లో, వణికే చేత్తో, కర్రపుల్ల వెతుక్కునే తీరిక ఉండదు.

"ఇత్తడి ఖాళీలు పోగేస్తున్నాను మావయ్యా, మళ్లీ మందు నింపి రీలోడ్ చేసేవాళ్లు కొంటున్నారు, లెక్క చూస్తే తేడా పెద్దగా లేదు" అని మొన్న చెప్పాడు. మా రోజుల్లో ఫైరింగ్ అయ్యాక ఖాళీలు లెక్కపెట్టి అప్పజెబితేనే కదిలేవాళ్లం. బస్తాలో పోస్తుంటే ఇత్తడి గలగలమనేది. వాడు ఫోన్ దగ్గర పెట్టి గిన్నెలో ఖాళీలు పోసి వినిపించాడు. నాలుగో చాంబర్ నుంచి వచ్చినవి వేరుగా ఉంచావా అని అడిగాను. ఉంచాడు, ఫొటోలు పంపాడు. గీతలు ఇంకా సన్నగా కనిపిస్తున్నాయి. వచ్చే నెల ఇంకో యాభై పేల్చాక మళ్లీ చూద్దామన్నాను.